లైనక్స్ ల్యాప్‌టాప్ తెరవగానే నెట్ రావాలంటే: మన్యం ఇళ్లకు చిట్కాలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటే లైనక్స్‌కి మారుతున్నాయి. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొని అరకు, పాడేరు, చింతపల్లి తెచ్చుకున్న మెషీన్లు చాలామటుకు ఈ కోవలోవే. వాటితో తరచూ వచ్చే పేచీ ఒకటుంది. మెషీన్ చక్కగా ఆన్ అవుతుంది, నెట్‌వర్క్ కార్డు మాత్రం దానంతటది పని మొదలుపెట్టదు. ప్రతిసారీ చేత్తో ఆన్ చేయాలి, లేదంటే పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి.

పట్నంలో ఇది అరగంట పని. ఏజెన్సీలో అలా కాదు. నెట్ బాగుచేసుకోవడానికి కావలసిన ఫైలు నెట్‌లోనే ఉంటుంది, ఆ నెట్టేమో మన దగ్గర ఉండదు. అందుకే ఈ చిట్కాల్లో కొండ ఎక్కకముందు చేసుకోవలసిన పనులకి ఎక్కువ చోటిచ్చాను.

ఒక్క మాట. కమాండ్లను పలికే తీరులోనే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు వాడండి. ఉబుంటు, మింట్, డెబియన్ మూడింటికీ ఇవి పనికొస్తాయి.

1. ఫార్మాట్ కొట్టకండి. ముందు ఎక్కడ ఆగిందో చూడండి.

మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అదే కార్డు, అదే డ్రైవర్, అదే పేచీ. మధ్యలో పిల్లల ఫొటోలు, రికార్డులు పోతాయి. దానికి బదులు టెర్మినల్ తెరిచి "ఎన్ఎంసీఎల్ఐ డివైస్" అని కొట్టండి. ఎన్, ఎం, సి, ఎల్, ఐ, తర్వాత ఖాళీ వదిలి డివైస్. మెషీన్లో ఉన్న నెట్‌వర్క్ కార్డులన్నీ వరసగా కనిపిస్తాయి, పక్కన వాటి స్థితి ఉంటుంది. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

వైఫై అనే వరసే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు: 3, 4, 9 చిట్కాలు చూడండి. "అన్‌అవైలబుల్" అని ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉంది, లేదా ఫర్మ్‌వేర్ లేదు: 2, 4. "అన్‌మేనేజ్డ్" అని ఉంటే కార్డు బాగానే ఉంది, దాన్ని పట్టించుకునే సర్వీసుకి అప్పగించలేదు: 8. "డిస్‌కనెక్టెడ్" అని ఉంటే సంతోషించండి, సేవ్ చేసిన కనెక్షన్‌లో ఒక టిక్కు పెడితే చాలు: 6.

2. స్విచ్చి చూడండి.

పాత ల్యాప్‌టాప్‌లలో ముందు అంచునో పక్కనో గోరంత జారుడు స్విచ్ ఉంటుంది. సంచిలో పెట్టి బస్సులో తెచ్చేటప్పుడు అది జరిగిపోతుంది. కొన్నిటిలో ఎఫ్12 మీద లేదా పై వరసలో యాంటెన్నా బొమ్మ ఉన్న కీ ఉంటుంది. ఆ కీ మీది లైటు కొన్ని మోడళ్లలో పని చేసేటప్పుడు తెల్లగానో నీలంగానో ఉండి, ఆపితే నారింజకి మారుతుంది.

"ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" అని కొడితే హార్డ్ బ్లాక్, సాఫ్ట్ బ్లాక్ అని రెండు వరసలు వస్తాయి. హార్డ్ బ్లాక్ ఎదురుగా "యెస్" ఉంటే కమాండ్లతో పోదు, స్విచ్చే జరపాలి. సాఫ్ట్ బ్లాక్ అయితే "సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్" చాలు. మెషీన్ ఆపేటప్పుడు ఉన్న స్థితిని లైనక్స్ గుర్తుపెట్టుకుని మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే పెడుతుంది. రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఆపితే పొద్దున్న కూడా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే లేస్తుంది. ఆన్‌లో ఉంచి ఆపండి.

3. చిప్పు పేరు తెలుసుకోండి.

ల్యాప్‌టాప్ కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. లోపలి వైఫై చిప్పు ఎవరిదన్నదే ముఖ్యం. "ఎల్ఎస్‌పీసీఐ" అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎన్ఎన్‌కే చేర్చండి. "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న వరస వెతకండి. దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఉంటే డ్రైవర్ ఎక్కినట్టు. ఆ వరస లేకపోతే ఎక్కలేదు. యూఎస్‌బీకి గుచ్చే డాంగిల్ అయితే "ఎల్ఎస్‌యూఎస్‌బీ" వాడాలి.

ఇంటెల్ అయితే దాదాపు నిశ్చింత, ఎథిరోస్ కూడా అంతే. రియల్టెక్ మోడల్‌ని బట్టి ఉంటుంది. బ్రాడ్‌కామ్ అని కనిపిస్తే కింది చిట్కా రెండుసార్లు చదవండి.

4. డ్రైవర్, ఫర్మ్‌వేర్ ఘాట్ ఎక్కకముందే పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇది. డ్రైవర్ కెర్నల్లోనే ఉంటుంది, కానీ చాలా వైఫై చిప్పులకి ఫర్మ్‌వేర్ అనే మరో ఫైలు విడిగా కావాలి. అది లేకపోతే కార్డు కనిపిస్తుంది కానీ లేవదు. ఉబుంటు, మింట్‌లలో "లైనక్స్-ఫర్మ్‌వేర్" అనే ప్యాకేజీ ముందే ఉంటుంది. డెబియన్ అయితే 12వ వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ తీసుకోండి. 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారు. అంతకుముందు వెర్షన్లలో దాన్ని విడిగా వెతుక్కోవలసి వచ్చేది. ఏళ్లనాటి పాత డెబియన్ పెన్‌డ్రైవ్ ఇంట్లో ఉంటే దాన్ని వాడకండి.

విశాఖలో ల్యాప్‌టాప్ కొంటుంటే దుకాణంలోనే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా నడిపి చూడండి. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. వైఫై పేర్లు కనిపిస్తే కొనండి. కనిపించకపోతే చిప్పు పేరు రాసుకుని అప్పుడు ఆలోచించండి. అది కుదరకపోయినా కనీసం ఎస్.కోటలో ఆగి, ఫోన్ హాట్‌స్పాట్‌తో అప్‌డేట్లు పూర్తి చేసుకుని అప్పుడు అనంతగిరి ఘాట్ ఎక్కండి.

బ్రాడ్‌కామ్ కథ వేరు. ఆ చిప్పులు చాలావాటికి కంపెనీ ఇచ్చిన "డబ్ల్యూఎల్" డ్రైవర్ పెట్టాలి. లైనక్స్ మింట్‌లో "డ్రైవర్ మేనేజర్", ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" తెరిస్తే అది చూపిస్తుంది. నెట్ లేకపోయినా మింట్‌లో ఒక దారి ఉంది: ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌నే మళ్లీ గుచ్చితే డ్రైవర్ మేనేజర్ అందులోంచే బ్రాడ్‌కామ్ డ్రైవర్ తీసుకుంటుంది. కాబట్టి ఇన్‌స్టాల్ అయిపోయింది కదా అని ఆ పెన్‌డ్రైవ్ చెరిపేయకండి. మరీ పాత బ్రాడ్‌కామ్ చిప్పులకి "బీ43" డ్రైవర్ కావాలి. దాని ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ నడిచే సమయంలోనే అసలు ఫైలుని నెట్ నుంచి దింపుకుంటుంది. ప్యాకేజీ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే కొండ మీద పని జరగదు.

ఇంకొకటి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషీన్లో బయటి డ్రైవర్ పెడితే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర వస్తుంది. అక్కడ "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది తొందరలో "కంటిన్యూ బూట్" నొక్కేస్తారు. అప్పుడు డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది, కానీ ఒక్కసారి కూడా ఎక్కదు. వైఫై ఎందుకు రావట్లేదో అర్థం కాక రోజులు గడుస్తాయి.

5. కార్డు మొరాయిస్తే ఫోన్‌ని కేబుల్‌తో కలపండి.

ఛార్జింగ్ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని ఒక వైర్డ్ కార్డుగా గుర్తించి కనెక్ట్ అయిపోతుంది. డ్రైవర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఫోన్‌లో డేటా లేకపోయినా పరవాలేదు. ఫోన్ పక్కింటి వైఫైకి కలిసి ఉంటే చాలా మోడళ్లలో ఆ నెట్టే కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి అందుతుంది. కేబుల్ మాత్రం డేటా వెళ్లే రకం కావాలి. సంతలో దొరికే చవక కేబుళ్లలో ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి. ఇలా వచ్చిన నెట్‌తో 4వ చిట్కాలోని డ్రైవర్ దింపుకోండి.

6. కనెక్షన్‌ని "అందరికీ" సేవ్ చేయండి.

కార్డు, డ్రైవర్ బాగుండి కూడా నెట్ దానంతటది రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. వైఫై సెట్టింగ్స్‌లో మీ కనెక్షన్ పక్కన ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కండి. రెండు టిక్కులుంటాయి. మొదటిది "కనెక్ట్ ఆటోమేటికల్లీ". రెండోది "మేక్ అవైలబుల్ టు అదర్ యూజర్స్". మొదటిది అందరూ పెడతారు, రెండోది వదిలేస్తారు.

రెండోది లేకపోతే పాస్‌వర్డ్ ఆ ఒక్క యూజర్ తాళపుపెట్టెలో, అంటే కీరింగ్‌లో ఉండిపోతుంది. ఆ మనిషి లాగిన్ అయి కీరింగ్ తెరిచేదాకా వైఫై రాదు. లాగిన్ పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకునేలా పెట్టుకున్న ఇళ్లలో ఇది మరీ ఇబ్బంది. కీరింగ్ తెరుచుకోదు కాబట్టి ప్రతిసారీ వేరే పెట్టె వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. బడిలో టీచర్లు ముగ్గురు నలుగురు వాడే ల్యాప్‌టాప్‌కీ, సచివాలయంలో డ్యూటీ మారే మెషీన్‌కీ ఈ టిక్కు తప్పనిసరి. మింట్‌లో అయితే పాస్‌వర్డ్ గడి చివర ఉన్న చిన్న గుర్తు నొక్కి "స్టోర్ ద పాస్‌వర్డ్ ఫర్ ఆల్ యూజర్స్" ఎంచుకోండి. అప్పుడు లాగిన్ తెర వచ్చేసరికే నెట్ వచ్చి ఉంటుంది.

ఇలా చేస్తే పాస్‌వర్డ్ మెషీన్లో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, అడ్మిన్ హక్కు ఉన్నవాళ్లు చదవగలరు. ఇంట్లో పరవాలేదు. హోమ్‌స్టేలో అతిథులకిచ్చే ల్యాప్‌టాప్‌కి మాత్రం అడ్మిన్ కాని యూజర్‌ని పెట్టండి.

7. కరెంటు పోయి వచ్చినప్పుడు.

ఈదురుగాలి వీస్తే కరెంటు పోతుంది. వచ్చాక ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ మాత్రం మొదటి నుంచి లేవాలి. అది సగం లేచిన సమయంలో ల్యాప్‌టాప్ కలవబోయి విఫలమవుతుంది. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా 4 సార్లు ప్రయత్నించి కాసేపు ఊరుకుంటుంది. ఒక్కోసారి పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ అడుగుతుంది. కంగారుపడి వేరే పాస్‌వర్డ్ కొట్టకండి, సేవ్ అయినది చెడిపోతుంది. క్యాన్సిల్ చేసి రెండు నిమిషాలు ఆగండి.

శాశ్వతంగా పోవాలంటే "ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై", తర్వాత మీ వైఫై పేరు, తర్వాత "కనెక్షన్ చుక్క ఆటోకనెక్ట్ అడ్డగీత రిట్రైస్", చివర 0 కొట్టండి. సున్నా అంటే ఆపకుండా ప్రయత్నిస్తూనే ఉండమని.

ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. చెట్టు పడితే రెండూ పోతాయి. ఇంట్లో ఫైబర్ పెట్టె మీద "ఎల్ఓఎస్" లైటు ఎర్రగా వెలిగితే తీగ తెగినట్టు. ల్యాప్‌టాప్‌ని వదిలేసి లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేయండి.

8. "అన్‌మేనేజ్డ్" అని వస్తే.

పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి "ఇంటర్‌ఫేసెస్" ఫైలులో "ఆటో ఈటీహెచ్0" లాంటి వరసలు రాసినవాళ్లకి ఇది వస్తుంది. డెబియన్‌లో ఆ ఫైలులో పేరున్న కార్డుని నెట్‌వర్క్ మేనేజర్ ముట్టుకోదు. ఈటీసీ ఫోల్డర్లో నెట్‌వర్క్ లోపల ఆ ఫైలు ఉంటుంది. "ఎల్ఓ" గురించిన వరసలు ఉంచి, మీ కార్డు వరసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేయండి.

నెట్‌వర్క్ మేనేజర్ సర్వీసే ఆగి ఉంటే "సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ నెట్‌వర్క్‌మేనేజర్" కొట్టండి. ఇందులో ఎన్, ఎం రెండూ పెద్దక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండదు. "స్టార్ట్" అంటే ఇప్పటికి మాత్రమే, "ఎనేబుల్" అంటే ప్రతి బూట్‌కీ.

9. చేత్తో ఎక్కిస్తే పనిచేసే డ్రైవర్.

"సుడో మాడ్‌ప్రోబ్" అని కొట్టి డ్రైవర్ పేరిస్తే వైఫై వస్తుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. అప్పుడు ఈటీసీ లోపల "మాడ్యూల్స్-లోడ్ చుక్క డి" ఫోల్డర్లో, చివర "కాన్ఫ్" పొడిగింపుతో ఒక ఫైలు పెట్టి అందులో డ్రైవర్ పేరొక్కటే రాయండి. అప్పటికీ ఎక్కకపోతే పక్కన ఉన్న "మాడ్‌ప్రోబ్ చుక్క డి" ఫోల్డర్లో ఆ పేరు "బ్లాక్‌లిస్ట్" అయి ఉందేమో చూడండి. బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఒకటి పెడితే అది పోటీ డ్రైవర్లని బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది. ఆ డ్రైవర్ తీసేసినా జాబితా మిగిలిపోయే సందర్భాలున్నాయి.

కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడే వైఫై పోయిందా? బూట్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి, వెంటనే వస్తుంది. కాబట్టి పాత కెర్నల్ ఒకటి ఎప్పుడూ ఉంచండి.

10. మూత వేసి తెరిస్తే వైఫై పోతే.

కరెంటు ఆదా చేసే సెట్టింగే తరచు కారణం. ఉబుంటు, మింట్‌లలో ఈటీసీ లోపల నెట్‌వర్క్‌మేనేజర్, అందులో "కాన్ఫ్ చుక్క డి" ఫోల్డర్లో "పవర్‌సేవ్" అని పేరున్న ఫైలు ఉంటుంది. అందులో 3ని 2గా మార్చండి. అదే మెషీన్లో విండోస్ కూడా ఉంటే అందులో "ఫాస్ట్ స్టార్టప్" తీసేయండి. అది ఉన్నప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు, కార్డు సగం నిద్రలో ఉండిపోయి లైనక్స్‌కి లొంగదు.

11. వైఫై డాంగిల్ కొనేటప్పుడు.

లోపలి కార్డు చచ్చిపోతే డాంగిల్ కొంటారు. పెట్టె మీద మోడల్ పేరు చూస్తే చాలదు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్లో ఎథిరోస్ చిప్పు ఉండేది, తర్వాతి వెర్షన్లలో రియల్టెక్ వచ్చింది. పేరు ఒకటే, లైనక్స్‌లో ప్రవర్తన వేరు. ఎథిరోస్ ఏఆర్9271, ర్యాలింక్ ఆర్‌టీ5370, మీడియాటెక్ ఎంటీ7601యూ చిప్పులున్నవి గుచ్చగానే లేస్తాయి. వీటి డ్రైవర్లు కెర్నల్లోనే ఉన్నాయి.

12. సిమ్ వేసే డేటా కార్డు వాడేవాళ్లకి.

కొండల్లోకి ఇప్పుడు టవర్లు వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల్లో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకి 4జీ ఇచ్చే పథకాన్ని కేంద్రం 2021 నవంబరులో ఆమోదించింది. 4జీ మాత్రమే ఉన్న టవర్ దగ్గర పాత 3జీ డాంగిల్ పనికిరాదు. దాన్ని బాగుచేయాలని గంటలు వృథా చేయకండి.

ముంచింగిపుట్టు దాటి ఒనకఢిల్లీ, మాచ్‌ఖండ్ వైపు ఉన్న ఊళ్లలో సిగ్నల్ ఒక్కోసారి ఒడిశా టవర్ నుంచి అందుతుంది. డేటా కార్డు దాన్ని రోమింగ్‌గా లెక్కేస్తుంది. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ సెట్టింగ్‌లో "అలో రోమింగ్" టిక్కు లేకపోతే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కనెక్ట్ కాదు. టిక్కు పెట్టండి. సిమ్‌కి పిన్ ఉంటే ఫోన్లో వేసి తీసేయండి, లేదా కనెక్షన్‌లో పిన్ రాసిపెట్టండి.

13. వైరు కలిపేవాళ్లకి రెండు మాటలు.

పాత సలహాల్లో కార్డు పేరు ఈటీహెచ్0 అని ఉంటుంది. ఇప్పటి లైనక్స్‌లలో ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేర్లుంటాయి. ముందు "ఐపీ లింక్" కొట్టి మీ కార్డు పేరు చూసుకుని అదే వాడండి. రెండోది, ఉరుములు మొదలవగానే ల్యాన్ వైరు, ఛార్జర్ రెండూ పీకేయండి. వానాకాలం ముందు పిడుగుల రోజుల్లో ల్యాన్ పోర్టు కాలిపోతే దాన్ని ఏ సెట్టింగూ లేపలేదు.

14. డేటా దుబారా కాకుండా.

ఫైబర్, ఫోన్ హాట్‌స్పాట్ రెండూ సేవ్ చేసుంటే ఫైబర్‌కి "ఆటోకనెక్ట్-ప్రయారిటీ" 10, ఫోన్‌కి 0 ఇవ్వండి. పెద్ద సంఖ్య ఉన్నదానికి ముందు కలుస్తుంది. ఫోన్ కనెక్షన్‌ని "మీటర్డ్" అని గుర్తు పెట్టండి. లేకపోతే నెట్ దానంతటది రావడమే నష్టమవుతుంది, పొద్దున్నే అప్‌డేట్లు మొదలై రోజు డేటా అయిపోతుంది. నెట్ లేని ఊళ్లో బూట్ దగ్గర నిమిషం దాకా ఆగిపోతుంటే "సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్" కొట్టండి. ఎన్, ఎం ఇక్కడా పెద్దక్షరాలే. ఆ ఎదురుచూపు ఇంటి ల్యాప్‌టాప్‌కి అక్కర్లేదు.

15. రాసిపెట్టుకోండి, పంచండి.

చిప్పు పేరు, డ్రైవర్ పేరు, మీరు మార్చిన సెట్టింగ్ కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ అడుగున అతికించండి. తర్వాత బాగుచేసేవాళ్లు మొదటి నుంచి వెతకనక్కర్లేదు. పాడేరుకో విశాఖకో వెళ్లే ప్రతి ఒక్కరికీ నా విన్నపం: ఒక పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ ఇన్‌స్టాలర్, ఇంకో దాంట్లో డెబియన్ 12 లేదా ఆ తర్వాతిది పెట్టుకుని తెచ్చి మీ ఊరి బడిలోనో సచివాలయంలోనో ఉంచండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు చాలు.